తెరవని సంచి

కోర్టు ఎదురు వీధి,
మేడ మీద గది.

వదినా,

ఈ ఉత్తరం ముందు నువ్వొక్కదానివే చదువు. అన్నయ్యకు వినిపించాలో వద్దో తరువాత నువ్వే తేల్చుకో. ఫోన్ చేద్దామంటే మీ షాపులో ఫోన్ మోగితే చాలు, కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళ చెవులన్నీ ఇటే తిరుగుతాయి. అందుకే కాగితం పట్టాను.

నేనొక కేసు తీసుకున్నాను. తీసుకున్నానంటే, మా సీనియర్‌గారు వేలితో కూడా ముట్టుకోనని వదిలేస్తే కింద పడేలోపు అందుకున్నాను. ఒక సినిమా మీద కేసు. ఇక్కడ వారం ఆడిందో లేదో, అశ్లీలంగా ఉందని సదాచార సంఘం వాళ్ళు కోర్టుకెక్కి ఆపించేశారు. నేను ఓడిపోతే కాపీలన్నీ కోర్టుకు అప్పగించాలి, దర్శకుడు జైలుకెళ్ళినా వెళ్ళొచ్చు. ఇక నా గడప తొక్కే క్లయింటు ఉండడు.

కథలో ఒక టీచరమ్మ. జబ్బు చేసి, ఆపరేషన్‌లో ఒక రొమ్ము తీసేస్తారు. ఇంటికొచ్చిన చాలా రోజులకు తలుపు వేసుకుని, అద్దం ముందు నిలబడి తనను తాను చూసుకుంటుంది. ఇంతలో మొగుడు వస్తాడు. ఆవిడ కప్పుకోబోయి ఆగిపోతుంది. అతను మోకాళ్ళ మీద కూర్చుని ఆ మచ్చ మీద ముద్దు పెడతాడు. అతని మీసం తగిలి కితకితలు పుట్టి ఆవిడ పకపకా నవ్వుతుంది. అంతే సీను. ఆ నవ్వులో కోరిక ఉంది వదినా. లేదని కోర్టులో అబద్ధమాడను. వాళ్ళ గొడవంతా దాని మీదే. జబ్బు మనిషి ఏడిస్తే ఎవరికీ అభ్యంతరం లేదు. ఒంటి మీద నూలుపోగు లేకుండా నవ్వింది కాబట్టి కొంపలు మునిగాయి.

నిజం చెప్పనా? మొదటిసారి చూసినప్పుడు నేనే తల దించుకున్నాను. రెండోసారి దించుకోలేదు. మూడోసారి చూశాక కేసు ఒప్పుకున్నాను.

లాయర్లు కూర్చునే బార్ రూములో నాకు అప్పుడే ‘బూతు లాయరు’ అని పేరు పెట్టేశారు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని అమ్మ నన్ను తిట్టేది కదా, పైనుంచి ఇప్పుడూ తిడుతూనే ఉండి ఉంటుంది. అమ్మ సంగతి సరే, అన్నయ్య ఏమంటాడో అదే నా బెంగ. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నెమ్మదిగా చెప్పి చూడు.

నీ ఆడపడుచు

*

టైలరింగ్ షాపు,
కత్తిరింపుల బల్ల.

లాయరమ్మా,

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. నా పూర్తి మొగుడు నోరు విప్పడు, అర్ధమొగుడివి నువ్వేమో కోర్టులో నోరు మూయవు. ఇద్దరి మధ్యా నా బతుకు ఇలా తెల్లారుతోంది.

మీ అన్నయ్యకు చెప్పాను. గడియారం విప్పి భూతద్దం కంటికి పెట్టుకుని ఉన్నాడు. సినిమా, అద్దం, మీసం అంటూ నేను నెమ్మదిగానే మొదలుపెట్టాను. భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. టీ కప్పు పట్టుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు. విప్పిన గడియారం విప్పినట్టే ఉంది. అదీ ఆయన అభిప్రాయం. నువ్వు దాన్ని మనసులో పెట్టుకోకు, నీ పని నువ్వు చూసుకో.

వీధిలో మాత్రం అందరికీ నోళ్ళున్నాయి. మందుల షాపాయన మాత్రలు పొట్లం కడుతూ, ‘మీ ఆడపడుచు చేతిలో వేరే కేసే లేదా అమ్మా?’ అన్నాడు. మన బడి హెడ్మిస్ట్రెస్ గౌను కొలతలకు వచ్చి, ‘మీ మంచికే చెబుతున్నా, ఆ అమ్మాయిని మానుకోమనండి’ అంది. అప్పుడు నా నోట్లో గుండుసూదులున్నాయి కాబట్టి ఆవిడ బతికిపోయింది. ‘చెయ్యి పైకెత్తండి, చంక కొలత తియ్యాలి’ అని మాత్రం అన్నాను. ఆ గౌను చంక దగ్గర కాస్త బిగుతుగా వస్తుందిలే.

నువ్వు గెలవాలి. ఎందుకని అడక్కు, గెలవాలంతే. వేళకు తిను. కోర్టులో అరవకు. నువ్వు అరిస్తే గొంతు పీలగా వస్తుంది, చిన్నప్పటినుంచీ అంతే. నెమ్మదిగా మాట్లాడితేనే నీకు అందం.

ఊరికే ఒక మాట అడుగుతాను. ఆ అద్దం సీను బాగా దగ్గరగా తీశారా? చూస్తుంటే నీకేమీ అనుమానం రాలేదా? మచ్చ నిజం మచ్చలాగే ఉందా? ఏమీ లేదు, ఊరికే.

మీ వదిన

*

మేడ మీద గది.

వదినా,

మొదటి వాయిదా అయింది. కోర్టులోనే తెర కట్టి జడ్జిగారికి సినిమా చూపించారు. ఆయన వయసు మళ్ళినవారు, కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకున్నారు. అది కన్నీళ్ళకో దుమ్ముకో అంతుపట్టలేదు. అవతలి లాయరుగారి గొంతు ఖంగుమంటుంది, అందుకే అందరూ ఆయన్ను ‘గంటగారు’ అంటారు. ఆయన లేచి, ‘ఇదేం కళండీ? పాపం జబ్బు మనిషి కదా అని మనం జాలిపడుతుంటే, ఈ సినిమా ఆవిడను నవ్విస్తోంది, బట్టలిప్పి నవ్విస్తోంది’ అని ఖంగుమన్నారు. సదాచార సంఘం వాళ్ళందరూ ఒక్కసారే తలలూపారు. నేను లేచేసరికి టైము అయిపోయింది. సినిమా మీద స్టే అలాగే ఉంది.

నువ్వడిగిన దానికి జవాబు రాద్దామనుకున్నాను. మచ్చ నిజం మచ్చలాగే ఉంది, నాకు ఏ అనుమానమూ రాలేదు, అంత దగ్గరగా చూపించినా రాలేదు. ఇలా రాసి ఉత్తరం మడిచేదాన్ని. కానీ నిన్న సాయంత్రం ఆ నటి నా గదికి వచ్చింది.

కుర్చీ అంచున కూర్చుని, ‘మేడమ్, మీకు దాచడం బాగోదు. ఆ సీనులో నా ఒంటి మీద బట్ట ఉంది’ అంది. నేను నమ్మలేదు. ‘మీరే కాదు, కెమెరా పట్టినాయనే నమ్మలేదు. మెడనుంచి నడుముదాకా ఒంటికి అతుక్కుని ఉంటుంది. మచ్చ కూడా దారంతో కుట్టిందే’ అంది. ఎవరు కుట్టారని అడిగాను. షూటింగ్ జరిగిన చిన్న ఊళ్ళో ఒక టైలరమ్మట. నోట్లో గుండుసూదులు పెట్టుకునే అందర్నీ తిడుతుందట. షాపుకు ఒక పక్క ఆవిడ మిషను, ఇంకో పక్క ఆవిడ భర్త గడియారాల బల్ల ఉంటాయట. అక్కడున్న గడియారాల్లో ఏ రెంటికీ టైము కలవదట.

వదినా! ఇంతకన్నా ఆ అమ్మాయి నీ ఫోటో చూపించినా సరిపోయేది.

నెలల తరబడి నేనిక్కడ జుట్టు పీక్కుంటుంటే, నువ్వక్కడ కూర్చుని ‘ఊరికే అడుగుతున్నాను’ అంటావా? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు! నాకెంత కోపంగా ఉందంటే, కిందటిసారి వచ్చినప్పుడు ‘ఈమధ్య నీ గౌన్లన్నీ గుడారాల్లా ఉన్నాయి, కుట్టడం మరిచిపోయావా’ అన్నాను కదా, ఆ మాట ఇంకోసారి అనాలనుంది. వెంటనే జాబు రాయి. అన్నీ రాయి.

నీ ఆడపడుచు

*

టైలరింగ్ షాపు.

లాయరమ్మా,

అరవకన్నానా? ఉత్తరంలో కూడా నీ గొంతు పీలగానే వినపడింది.

అవును, నేనే కుట్టాను. ఎవరికీ చెప్పనని దర్శకుడికి మాటిచ్చాను. ‘చూసేవాళ్ళకు తెలిస్తే మనిషిని చూడరండీ, గుడ్డ ఎక్కడుందా అని వెతుకుతారు’ అన్నాడు. నాకది నచ్చింది. తెర మీద పేర్లలో నా పేరు వేస్తానంటే కూడా అందుకే వద్దన్నాను. ఇప్పుడు ఆ అమ్మాయే బయటపెట్టింది కాబట్టి నా నోటికి తాళం తీసినట్టయింది. ఇక విను.

సాగే బట్ట, ఉల్లిపొర కంటే కాస్త మందం. అంగట్లో దొరికే రంగేదీ ఆ అమ్మాయి ఒంటికి కలవలేదు. చివరికి టీ డికాషన్‌లో నానబెట్టాను. తీసి ఆరబెట్టడం, ఆ అమ్మాయిని కిటికీ దగ్గర నిలబెట్టి పోల్చడం, మళ్ళీ ముంచడం. మీ అన్నయ్య తన టీ కోసం వచ్చి గిన్నెలో చూసి దడుచుకున్నాడు.

ఒక పక్క లోపల పట్టీ వేసి అదిమి చదును చేశాను. అసలు తిప్పలు మచ్చ దగ్గర వచ్చాయి. నా చేతికి వంకర కుట్టు రాదే! ఎన్నిసార్లు వేసినా తీరుగా, సమంగా, ముత్యాల వరుసలా వస్తుంది. మచ్చ అలా ఉంటుందా? ఒకచోట పొంగుతుంది, ఒకచోట లాగుతుంది, చివర ముడి పడ్డట్టు ఉంటుంది. నాలుగు పాడుచేశాక ఎడమచేత్తో కుట్టాను. నేర్చుకునే పిల్లలా కుట్టాను. అప్పుడు కుదిరింది. గుడ్డ రెండు అంచులూ కలిసే అతుకును కూడా ఆ మచ్చ కిందే దాచేశాను. అతుకు ఎక్కడుందో చెప్పమని ఎవరినైనా అడుగు, వాళ్ళ తరం కాదు.

ఇన్నేళ్ళ మిషను పనిలో అలాంటిది ఇంకోటి నా చేతిలోంచి రాలేదు. షూటింగ్ అయ్యాక ఆ అమ్మాయి దాన్ని నాకే ఇచ్చింది. బీరువాలో ఉంది.

ఇంక నీకు బెంగ దేనికి? వచ్చే వాయిదాకు నేనే వస్తాను. సంచిలో పెట్టుకుని వస్తాను. నన్ను సాక్షిగా పిలువు. జడ్జిగారి బల్ల మీద పరిచి, ‘ఇదిగో బాబూ మీ నగ్నత్వం, టీ నీళ్ళలో ఉడికింది’ అంటాను. గంట మోగడం ఆగిపోతుంది. పామూ చస్తుంది, కర్రా విరగదు. ఆ హెడ్మిస్ట్రెస్ కూడా పేపర్లో నా ఫోటో చూడాలి.

ఏ బండికి రమ్మంటావో రాయి.

మీ వదిన

*

మేడ మీద గది.

వదినా,

నీ ఉత్తరం చదివి గదంతా తిరిగాను. ఎడమచేతి సంగతి దగ్గర లేచి నిలబడ్డాను. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పాలనుంది, మా వదినే కుట్టిందని. కానీ చెప్పను. నువ్వు తేవద్దు కూడా.

కోప్పడకుండా చివరిదాకా చదువు.

నువ్వు దాన్ని బల్ల మీద పరిస్తే మనం గెలుస్తాం, సందేహం లేదు. కానీ ఏమని గెలుస్తాం? ‘బట్ట ఉంది కాబట్టి తప్పు లేదు’ అని. అంటే బట్ట లేకపోతే తప్పేనని మనమే ఒప్పుకున్నట్టు. రేపు ఇంకెవరో, ఎక్కడో, నీలాంటి వదిన లేని దర్శకుడు ఇదే సీను తీస్తాడు. వాణ్ణి ఈ తీర్పు చూపించే జైల్లో పెడతారు. మనం ఏరు దాటి తెప్ప తగలేసినట్టవుతుంది. నా వాదన ఒక్కటే: ఆ కథ చెప్పడానికి ఆ ఒళ్ళు చూపించాలి, చూపించే హక్కు వాళ్ళకుంది, చూడలేనివాళ్ళు చూడకుండా ఉండొచ్చు. దీని మీదే నిలబడతాను, ఓడితే దీని మీదే ఓడతాను.

ఇది నా మొండితనం ఒక్కటే కాదు. ఆ అమ్మాయిని అడిగాను. ‘బట్ట కట్టుకున్నాను కాబట్టి మంచిదాన్నని తీర్పిస్తే, కట్టుకోకుండా నటించిన రోజు నన్నేమంటారు మేడమ్?’ అంది. దర్శకుణ్ణీ అడిగాను, జైలుకెళ్ళేది అతను కదా. ఒక రోజు గడువడిగి వెళ్ళాడు. మర్నాడు వచ్చి ‘అలాగే వాదించండి’ అన్నాడు. భయపడుతూనే అన్నాడు. నేను అబద్ధం చెప్పను వదినా, బట్ట లేదని నా నోటితో అనను. ఉందని మాత్రం దాన్ని అడ్డం పెట్టుకోను.

నీ పనితనం నలుగురూ చూడాలని నీకుంటుంది, నాకు తెలియదా? నాకైతే నీకంటే ఎక్కువే ఉంది.

అన్నట్టు, నాకొకటి అర్థం కాలేదు. ఒకచోట పొంగుతుంది, ఒకచోట లాగుతుంది, చివర ముడి పడుతుంది అని రాశావు. అంత వివరంగా నీకెలా తెలుసు? ఎవరైనా డాక్టరును అడిగావా?

అన్నయ్య ఇంకా మూగగానే ఉన్నాడా? నా మీద సిగ్గుపడుతుంటే సూటిగా ఒక ముక్క రాయమను. తిట్టినా పడతాను, ఈ మౌనం పడలేను. నువ్వు మీ అక్క వాళ్ళింటికి వెళ్ళి నెలల తరబడి రాని ఏడు కూడా ఇంతే, ఎన్ని ఉత్తరాలు రాసినా జవాబు లేదు.

నీ ఆడపడుచు

*

టైలరింగ్ షాపు.

లాయరుగారికి,

మీ ఉత్తరం అందింది. చదువుకున్నవారు, మీకు తెలియనిది నాకు తెలుస్తుందా! గెలిచే దారి చేతికిస్తే వద్దన్నారు. చేసేదేముంది, బీరువాకు తాళం వేశాను.

డాక్టరును అడగలేదు. పెళ్ళిళ్ళ కాలం, చేతినిండా పనుంది. ఉంటాను.

*

మేడ మీద గది.

వదినా,

‘లాయరుగారికి’ అని రాశావు. ఇంకో నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

నువ్వు జవాబివ్వకపోయినా నేను రాస్తూనే ఉంటాను. చివరి వాదనలు ఇవాళ అయిపోయాయి. తీర్పు తరువాత చెబుతామన్నారు.

హాలు కిక్కిరిసిపోయింది. సదాచార సంఘం వాళ్ళు ముందు బల్లలన్నీ పట్టేశారు. వెనక ఆడవాళ్ళు చాలామంది వచ్చారు, ఎందుకొచ్చారో తెలియదు, కొందరు తలల మీద ముసుగులు కప్పుకుని కూర్చున్నారు. గంటగారు పొద్దున్నంతా మోగారు. నేను నెమ్మదిగా మాట్లాడాను. నువ్వు చెప్పావని.

నేను సగంలో ఉండగా జడ్జిగారు కలం కింద పెట్టి ఆపారు. ‘అమ్మా, ఒక్క ప్రశ్న. ఆ సీనులో ఆ నటి ఒంటి మీద ఏదైనా బట్ట ఉందా, లేదా?’ అన్నారు.

ఆ అమ్మాయి నా వెనకే కూర్చుంది, దర్శకుడు గోళ్ళు కొరుక్కుంటున్నాడు. ఒక్క మాట, ‘ఉందండీ’ అంటే చాలు. వదినా, ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అతని మొహం చూశాను, అతను తల అడ్డంగా ఊపాడు.

‘ఆ ప్రశ్నకు జవాబు మీద మా వాదన ఆధారపడదండీ. లేదనే అనుకోండి. లేదనే అనుకుని తీర్పివ్వండి’ అన్నాను.

ముందు బల్లల్లో కలకలం రేగింది. గంటగారు ఎగిరి లేచారు, ‘ఒప్పుకున్నారు, ఒప్పుకున్నారు!’ అని. అప్పుడు నాకెక్కడినుంచి వచ్చిందో తెలియదు, ముందు రాసుకున్నది కూడా కాదు. ఆయన వైపు తిరిగి అడిగాను. ‘ఈ హాల్లో ఇంతమంది ఆడవాళ్ళున్నారు. వీళ్ళల్లో అలాంటి ఆపరేషన్ అయినవాళ్ళు ఎవరో మీకూ తెలియదు, నాకూ తెలియదు. అలాంటి ఒకామె మొహం చూసి, నీ ఒళ్ళు ఎవరి కంటా పడకూడని బూతు, దాన్ని నీ మొగుడు ముద్దాడితే నువ్వు నవ్వడం నేరం అని అనగలరా? అనగలిగితే వెనక్కి తిరిగి అనండి’ అన్నాను.

ఆయన తిరిగారు. పాపం, నిజంగానే తిరిగారు. హాలు ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూశారు. గంట మోగలేదు. మెల్లగా కూర్చున్నారు.

గెలుస్తానో లేదో తెలియదు. జడ్జిగారి మొహంలో ఏమీ చదవలేకపోయాను. ఓడిపోతే నువ్వే రైటు, ఆ కుర్రాడు నా మొండితనానికి జైలుకెళ్ళినట్టు. అయినా ఆ ఒక్క క్షణం నేను నిలబడిన చోటు నాకు నచ్చింది వదినా. అందుకు సిగ్గుపడను.

జాబు రాయి. తిడుతూ అయినా రాయి.

నీ ఆడపడుచు

*

టైలరింగ్ షాపు.

నా బంగారు తల్లీ,

మూడో బల్ల మీద, స్తంభం పక్కన, బూడిదరంగు ముసుగులో కూర్చున్నది నేనే.

నీ మాట వినేదాన్నైతే నేను మీ వదిననెందుకవుతాను? బీరువా తాళం తీసి, సంచిలో పెట్టుకుని, తెల్లవారుజాము బండెక్కి వచ్చేశాను. నీకు అడ్డం రాకూడదనే కూర్చున్నాను కానీ, నువ్వు ఓడిపోతున్నట్టు కనపడితే లేచి పరిచెయ్యాలనే వచ్చాను. జడ్జిగారు ఆ ప్రశ్న అడగ్గానే సగం లేచాను. సంచి జిప్పు మీద చెయ్యి వేశాను. ఇంతలో నువ్వు ‘లేదనే అనుకోండి’ అన్నావు. లేచినదాన్ని లేచినట్టే ఉండిపోయాను.

తరువాత నువ్వు గంటగారిని వెనక్కి తిరగమన్నావు. ఆయన తిరిగారు. అందర్నీ చూస్తూ వచ్చి, నా దగ్గర ఆగారనిపించింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి దానంతటదే ఎడమవైపు గుండె మీదికి వెళ్ళింది. వెళ్ళాక, నేనేం దొంగతనం చేశాననిపించింది. చెయ్యి దించేశాను. ఆయన కళ్ళలోకి చూశాను. ఆయనే చూపు తిప్పుకున్నారు.

నీకు అర్థమయ్యే ఉంటుంది. ఆ ఏడు నేను మా అక్క వాళ్ళింటికి వెళ్ళలేదు. ఆసుపత్రిలో ఉన్నాను. మీ అన్నయ్యకు తప్ప ఎవరికీ తెలియదు. నీకు చెప్పొద్దని నేనే ఒట్టు వేయించాను. చెబితే నువ్వు నన్ను చూసే చూపు మారిపోతుందని భయం. గుడారాల్లాంటి గౌన్లు వేసుకున్నది కుట్టడం మరిచిపోయి కాదు. ఎడమవైపు లోపల దూది పెట్టుకుంటాను, అది కదిలితే తెలియకూడదని.

ఆ అమ్మాయి కొలతలకు వచ్చి, మచ్చ ఎలా ఉంటుందో పుస్తకంలో బొమ్మ చూపించింది. బొమ్మ తప్పుగా ఉంది. తలుపేసి నాదే చూపించాను. అది చూసి ఏడుస్తుందనుకున్నాను. కాసేపు చూసి, ‘అంకుల్ మొదటిసారి చూసినప్పుడు ఏమన్నారు?’ అని అడిగింది. ఏమీ అనలేదని చెప్పాను. ఏం చేశాడో చెప్పాను. దర్శకుడు అదే తీశాడు.

ఆ మీసం ఎవరిదో ఇప్పుడు తెలిసిందా? సినిమా మాటెత్తితే మీ అన్నయ్య వీధిలోకి పారిపోయేది నీ మీద సిగ్గుతో కాదే పిచ్చిదానా. తన ముద్దు మీద కోర్టులో వాదోపవాదాలు జరుగుతుంటే, అదీ సొంత చెల్లెలు వాదిస్తుంటే, మగాడు ఎక్కడ తలపెట్టుకుంటాడు?

సంచి తెరవలేదు. తిరుగు బండిలో ఒళ్ళో పెట్టుకుని ఆలోచించాను. తెరిచి ఉంటే నేను కోర్టుకు ఏం చెప్పినట్టు? ‘కంగారుపడకండి బాబూ, అలాంటి ఒళ్ళు ఇక్కడెక్కడా లేదు, ఇది ఉత్త గుడ్డ’ అని. కానీ అలాంటి ఒళ్ళు అక్కడ ఉంది కదా. మూడో బల్ల మీద కూర్చుని ఉంది. నేనే దాన్ని లేదనబోయాను. నువ్వు ఉండనిచ్చావు.

తీర్పు ఎలా వచ్చినా నాకు అక్కర్లేదు. నిన్ను ఎత్తుకుని తిప్పాలనిపించింది, వయసు కాదు కాబట్టి ఊరుకున్నాను. మందుల షాపాయన మళ్ళీ అడిగాడు. ‘వేరే కేసులు ఎవరైనా వాదిస్తారు, ఇది మా ఆడపడుచే వాదించాలి’ అన్నాను. ఈసారి నోట్లో సూదులు లేవు.

మీ వదిన

*

మేడ మీద గది.

వదినా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో అడక్కు. మొదట ఏడ్చాను. తరువాత అన్నయ్య టీ కప్పుతో పరిగెత్తడం తలుచుకుని ఒక్కదాన్నే నవ్వాను. పక్క గది వాళ్ళు తలుపు కొట్టారు. చూపు మారుతుందని భయపడ్డావు కదా, మారింది. ఇన్నాళ్ళూ నువ్వు నాకంటే కాస్తే పొడుగు అనుకునేదాన్ని, ఇప్పుడు తలెత్తి చూడాల్సి వస్తోంది.

తీర్పు ఇవాళ వచ్చింది. గెలిచాం. కోత లేదు, ఒక్క ఫ్రేము కూడా తియ్యక్కర్లేదు. జడ్జిగారు రాసింది నా చేత్తో దించుకున్నాను: ‘నటి వస్త్రం ధరించినదీ లేనిదీ ఈ న్యాయస్థానానికి తెలియదు. తెలుసుకోవలసిన అవసరమూ లేదు. మనిషి దేహం కనపడినంత మాత్రాన అశ్లీలం కాదు. జాలిపడడానికి అంగీకరించి, సంతోషించడానికి అభ్యంతరం చెప్పేవారి కోసం చట్టం రాయలేదు.’

దర్శకుడు మెట్ల మీదే కూలబడ్డాడు, లేపడానికి ఇద్దరు కావలసి వచ్చారు. గంటగారు వచ్చి చెయ్యి కలిపి, ‘ఆ రోజు నన్ను వెనక్కి తిప్పావు చూడు, అక్కడే పోయింది నా కేసు’ అన్నారు. ఆయన ఎవరిని చూసి చూపు తిప్పుకున్నారో చెప్పాలనిపించింది. చెప్పలేదు. బార్ రూములో ఇంకా బూతు లాయరనే పిలుస్తున్నారు. ఇప్పుడు పిలిస్తే ఛాతీ విరుచుకుని పలుకుతున్నాను.

పేర్లలో నీ పేరు వేస్తానని దర్శకుడు మళ్ళీ అడిగాడు. నిన్నడిగి చెబుతానన్నాను. వచ్చేవారం మీ ఊళ్ళో కూడా ఆడుతుంది.

నీ ఆడపడుచు

*

టైలరింగ్ షాపు,
ఇద్దరం.

లాయరమ్మా,

పేరు వద్దని చెప్పు. నేను కుట్టిన వాటిల్లో అన్నిటికంటే మంచి కుట్టు ఎవరికీ కనపడకుండానే ఉండాలి. నీకూ నాకూ తెలుసు, చాలు.

నిన్న మధ్యాహ్నం ఆటకు వెళ్ళాం. మీ అన్నయ్య కదలనంటే, ‘మీసం నీది, టికెట్టు కూడా నీదే’ అని లాక్కెళ్ళాను. హాలు నిండింది. హెడ్మిస్ట్రెస్ మా ముందు వరసలోనే ఉంది, చంక బిగుతు గౌనులో. అద్దం సీను వచ్చేసరికి అందరూ ఊపిరి బిగబట్టారు. నా కుట్టు వెతుకుదామనే కూర్చున్నాను కానీ మరిచిపోయాను. ఆ టీచరమ్మనే చూస్తూ ఉండిపోయాను. ఆమె నవ్వగానే చీకట్లో ఇంకెవరో ఆడమనిషి నవ్వింది, తరువాత ఇంకొకరు. మీ అన్నయ్య అరచేతిలో నా చెయ్యి ఉంది, ఆయన చెయ్యి చెమటతో తడిసిపోయింది. ఆయనా నవ్వాడు. బయటికి వినపడేలా నవ్వాడు.

పక్క సీటావిడ కళ్ళు తుడుచుకుంటూ, ‘పాపం, ఆ అమ్మాయికి నిజంగానే ఆపరేషన్ అయిందంటారా?’ అని నన్ను అడిగింది. నేను నోరు తెరిచేలోపు మీ అన్నయ్య ముందుకు వంగి, ‘అయిందండీ, ఇప్పుడు బాగానే ఉంది’ అన్నాడు. నువ్వు అడిగిన ఒక్క ముక్క అదే అనుకో.

నిన్నటి కోసం ఒక కొత్త గౌను కుట్టుకున్నాను. ఒంటికి సరిపడా, ఎక్కడా వదులు లేకుండా. హాలునుంచి ఇంటిదాకా నడిచే వచ్చాం, ఇంకా వెలుతురుంది. మందుల షాపాయన చూశాడు, వీధంతా చూసింది. లోపల దూది పెట్టుకోలేదు.

మీ వదిన